నాడి చూసేదెవరు? మందు నిర్ణయించేదెవరు?

బీడీ కార్మిక స్త్రీల మీద పరిశోధన కోసం ఉత్తర తెలంగాణా పల్లెల్లో తిరుగుతున్న రోజుల్లో, చాట ఒళ్ళో పెట్టుకుని ఆకు కత్తిరిస్తూ ఒకమ్మాయి అంది: "అక్కా, జడ అల్లుకుంటుంటే చెయ్యి నడుమనే కిందికి దించాలె. బట్టలు పిండంగ పానం పోయినట్లయితది. కాసేపు కూసుంటే మళ్ల మంచిగైతది." ఆమెకి అప్పుడు 22 ఏళ్ళు. అంతకు ముందు రోజుకి వెయ్యి బీడీలు చుట్టేది. ఆ యేడు ఆరు వందలకి పడిపోయింది. పక్కనే కూర్చున్న తల్లి "పని ఎగవెట్టనీకె ఏషాలు మేడమ్, పెండ్లయితే అన్నీ సక్కగయితయ్" అని నవ్వింది. ఆ తల్లిని నేను తప్పు పట్టను. ఆమె చేతులు కూడా నొప్పిపుడుతూనే ఉన్నాయి, ఆమెనీ ఎవరూ అడగలేదు.

ఆ అమ్మాయికి అప్పటికి రెండేళ్ళుగా జ్వరం వచ్చి పోతూ ఉంది. బరువు తగ్గింది. ఊళ్ళో ఆర్ఎంపీ "రక్తం తక్కువ" అన్నాడు. మండలంలో డాక్టరు టి.బి. కావచ్చని ఆరు నెలలు మాత్రలు వాడించాడు. ఇంకొకాయన చేతికి పట్టీ కట్టి, "బీపీ బాగా లో ఉంది, ఉప్పు ఎక్కువ తిను, మజ్జిగలో వేసుకుని తాగు" అన్నాడు. ఆమె తాగింది. చివరికి చూపు మసకబారి నగరంలోని ఒక పెద్ద ఆస్పత్రికి చేరినప్పుడు, ఒక జూనియర్ డాక్టరమ్మకి ఎడం చేతి మణికట్టు దగ్గర నాడి దొరకలేదు. అనుమానం వచ్చి కాలికి బీపీ చూసింది. పైది 190 దాటి ఉంది. చేతిలో లోబీపీ, కాలిలో హైబీపీ. ఉప్పు తినమన్నది ఈ మనిషిని!

జబ్బు పేరు తకయాసు ఆర్టరైటిస్. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, దాని కొమ్మలు లోపలి నుంచి వాచిపోయి గోడలు మందమై సన్నబడతాయి. కొన్ని చోట్ల మూసుకుపోతాయి, అరుదుగా బుడగలా ఉబ్బుతాయి. చేతికెళ్ళే కొమ్మ సన్నబడితే అక్కడ నాడి అందదు. అక్కడ చూసిన రక్తపోటు అబద్ధం చెప్తుంది. మూత్రపిండాలకి వెళ్ళే కొమ్మలు సన్నబడితే ఒంట్లో అసలు రక్తపోటు పెరిగిపోతుంది. మన దేశంలో ఈ రెండో రకం ఎక్కువ. శరీరం తనని రక్షించుకోవలసిన వ్యవస్థతో తననే గాయపరుచుకునే జబ్బుల్లో ఇదొకటి. ఎందుకు మొదలవుతుందో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. చాలా కాలం క్షయతో ముడిపెట్టారు, అది రుజువు కాలేదు.

ఎక్కువగా వచ్చేది నలభై లోపు ఆడవాళ్ళకి. జపానులో రోగుల్లో పదికి ఎనిమిది తొమ్మిది మంది స్త్రీలే. మన దగ్గర మగవాళ్ళు అంతకంటే ఎక్కువగానే కనిపిస్తారు కానీ ఇక్కడా స్త్రీలదే పైచేయి (ఇలాంటి పైచేయి ఎవరికి కావాలి!).

వైద్య చరిత్రలో ఒక యాదృచ్ఛిక విషయం నన్ను వదలదు. 1908లో మికితో తకయాసు అనే జపాను కంటి డాక్టరు 21 ఏళ్ళ స్త్రీ కంటిలోపలి రక్తనాళాల్లో వింత మార్పుల్ని ఒక సమావేశంలో వివరించాడు. అదే సభలో ఇద్దరు వైద్యులు తాము చూసిన ఇలాంటి రోగులకి మణికట్టులో నాడి లేదని చెప్పారు. అదే 1908లో న్యూయార్కులో లియో బర్గర్ ఇంకో రక్తనాళాల జబ్బుని వర్ణించాడు. అది పొగాకు తాగేవాళ్ళకి, ఎక్కువగా మగవాళ్ళకి, కాళ్ళ వేళ్ళు కుళ్ళిపోయే జబ్బు. ఇవాళ మన మెడికల్ కాలేజీల్లో సర్జరీ విద్యార్థికి బర్గర్స్ జబ్బు పరీక్షలో వచ్చే పరిచయమున్న కేసు. మంచం మీద పడుకున్న బీడీలు తాగే మగవాడు వాళ్ళకి బాగా తెలుసు. బీడీలు చుట్టే ఆడది తెలియదు. బర్గర్స్ వచ్చిన ఆ కూలీ మగవాళ్ళు మనకి శత్రువులు కారు. వాళ్ళ కాళ్ళు తెగ్గొట్టేది ఆ బీడీయే, ఈమె చేతులు అరగదీసేదీ ఆ బీడీయే. నా తగువు కళ్ళముందు కూర్చున్న మనిషి ఆడదైతే చెయ్యి పట్టుకుని చూడని వైద్యంతో. నాడి చూడటానికి యంత్రం అక్కర్లేదు. కరెంటు అక్కర్లేదు. మూడు వేళ్ళు చాలు.

మన సంస్థలో ఒక పాత మిత్రురాలు నేనీ వ్యాసం రాస్తానంటే పెదవి విరిచింది. "దేశంలో ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు, నువ్వు లక్షల్లో ఒకరికొచ్చే జబ్బు పట్టుకున్నావేమిటి?" అంది. ఆమె చెప్పిన లెక్క నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత. కానీ ఆ లెక్కే ఈ జబ్బుని దాచే తెర కూడా. నీరసంతో వచ్చిన ప్రతి ఆడదానికీ "రక్తం తక్కువ" అనే ఒకే జవాబు, అవే ఎర్ర మాత్రలు. రక్తహీనతకి కూడా నిజమైన వైద్యం చెయ్యరు, దాని పేరుతో ఇంకే జబ్బూ వెతకరు. మాత్రలతో తగ్గకపోతే "మనసు జబ్బు", "అత్తతో పడటం లేదు". అరుదైన జబ్బు ఎక్కడ ఆగిపోయిందో చూస్తే మామూలు జబ్బులు కూడా ఎక్కడ ఆగిపోతున్నాయో కనిపిస్తుంది. అందుకే రాస్తున్నాను.

ఇక చికిత్స సంగతి. దీనికి చికిత్స లేదనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, డాక్టర్లలో కూడా. అది తప్పు. పూర్తిగా నయం చేసే మందు లేదు కానీ వాపుని అదుపులో పెట్టే మందులు ఉన్నాయి. మొదటిది స్టెరాయిడ్, అంటే ప్రెడ్నిసొలోన్. రోజుకి 40 నుంచి 60 మిల్లీగ్రాముల దాకా మొదలుపెట్టి నెలల తరబడి మెల్లగా తగ్గిస్తారు. చవక, త్వరగా పనిచేస్తుంది. కానీ తగ్గించేటప్పుడు సగం మందికి పైగా జబ్బు తిరగబెడుతుంది. ఎక్కువ కాలం వాడితే మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, షుగరు, కంటిలో శుక్లాలు వస్తాయి. అందుకే దానికి తోడుగా మొదటి నుంచే ఇంకో మందు ఇవ్వాలని 2021లో అమెరికన్ రుమటాలజీ కాలేజీ ఇచ్చిన మార్గదర్శకాలు చెప్తున్నాయి. మెథోట్రెక్సేట్, అజాథయోప్రిన్, మైకోఫినొలేట్, లెఫ్లునొమైడ్ అలాంటివి. వీటికీ లొంగకపోతే ఇంజెక్షన్లు: టిఎన్ఎఫ్ ని అడ్డుకునేవి, టోసిలిజుమాబ్. ఇవి మొదలుపెట్టే ముందు ఒంట్లో దాగిన క్షయ ఉందేమో పరీక్ష చెయ్యాలి, లేకపోతే అది లేచి కూర్చుంటుంది. మన దేశంలో ఇది చిన్న షరతు కాదు.

సన్నబడిన నాళాన్ని బుడగతో వెడల్పు చెయ్యటం, స్టెంటు పెట్టటం, పక్కదారి కుట్టటం కూడా ఉన్నాయి. ప్రాణం మీదికి వస్తే తప్ప, వాపు చల్లారాకే ఇవి చెయ్యాలి. మండుతున్న గోడకి స్టెంటు పెడితే మళ్ళీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. ఇంకొకటి, రక్తపరీక్షలో ఇఎస్ఆర్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు ఆగిపోయినట్టు కాదు. లోపల నడుస్తూనే ఉండొచ్చు. అందుకే కొన్నాళ్ళకొకసారి నాళాల బొమ్మ తీయించాలి.

కాగితం మీద ఇన్ని మార్గాలున్నాయి. ఆ అమ్మాయికి ఎన్ని చేరాయో చూద్దాం.

ఓపీలో నేను పక్కనే నిలబడి ఉన్నాను. పెద్ద డాక్టరు మాట్లాడిందంతా ఆమె అన్నతో. "మందులు జీవితాంతం ఉంటాయి, మొహం ఉబ్బుతుంది, పెళ్ళికి ఇబ్బంది, పిల్లలు రిస్కు." నాలుగు ముక్కలు, నిమిషం కూడా పట్టలేదు. రోగి కుర్చీలో కూర్చుని తన చేతుల వంక చూసుకుంటోంది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, చెవులు బాగానే వినిపిస్తాయి. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి మాత్రమే వెయ్యాలి, రోజూ వేస్తే విషం. చీటీలో ఆ "వారానికి" అన్న మాట గొలుసుకట్టు రాతలో ఇరుక్కుపోయింది. ఊళ్ళో మందుల షాపులో కుర్రాడు "రోజుకొకటి" అని కవరు మీద ఒక గీత గీసిచ్చాడు. ఎనిమిదో రోజుకి నోరంతా పుళ్ళు, అన్నం దిగలేదు. ఇంకో వారం ఆలస్యమైతే నేనీ వ్యాసం ఇంకోలా రాయవలసి వచ్చేది. మాతృభాషలో మందుచీటీ అడగటం భాషాభిమానం అనుకునేవాళ్ళు ఆ నోటిని చూసి ఉండాల్సింది.

తర్వాత సంబంధం వచ్చింది. ఉబ్బిన మొహం తగ్గాలని పెళ్ళిచూపులకి నెల ముందు నుంచి స్టెరాయిడ్ మాత్రలు ఇంట్లో ఆపించేశారు. ఎక్కువకాలం వాడిన స్టెరాయిడ్ ని ఒక్కసారిగా ఆపకూడదు. ఒళ్ళు తనంతట తాను ఆ హార్మోను తయారు చేసుకోవటం అప్పటికి మర్చిపోయి ఉంటుంది. వాంతులు, కళ్ళు తిరిగి పడిపోవటం, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇది ఆ ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఆమె పడిపోయింది. ఆస్పత్రిలో కేస్ షీటు మీద "రోగి మందులు సక్రమంగా వాడలేదు" అని రాశారు. వాడనిది రోగా? ఆడపిల్ల మొహానికి ఒక రేటు కట్టి, నాళాలకి ఏమీ కట్టని సంత ఇది. దాంట్లో ఆ తల్లి కూడా అమ్మేదే, కొనేది కాదు.

పిల్లల విషయం ఇంకా దారుణం. ఈ జబ్బున్న స్త్రీలు గర్భం దాల్చకూడదన్న నియమం ఏదీ లేదు. జబ్బు చల్లబడి, రక్తపోటు అదుపులో ఉండి, ముందుగా ఆలోచించుకుంటే చాలామంది క్షేమంగా కంటున్నారు. ప్రమాదం ఎక్కువే, పెద్ద ఆస్పత్రిలో జరగాలి, కాన్పు గదిలో కూడా నాడి ఉన్న చోటే బీపీ చూడాలి. మెథోట్రెక్సేట్, మైకోఫినొలేట్, లెఫ్లునొమైడ్ బిడ్డకి హాని చేస్తాయి, గర్భానికి ముందే ఆపి అజాథయోప్రిన్ లాంటి దానికి మారాలి. రక్తపోటుకి వాడే మందుల్లో కొన్ని కూడా అంతే. ఇదంతా ఆమెకి చెప్పవలసిన సమాచారం. చెప్పింది మాత్రం "పిల్లల జోలికి పోకు". గర్భం రాకుండా ఏం వాడాలో కూడా చెప్పలేదు. బీపీ ఎక్కువున్న మనిషికి ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు పనికిరావు, కాపర్-టి లాంటివి ఉన్నాయి అని చెప్పటానికి ఎంత సేపు పడుతుంది? పాతికేళ్ళు రాకుండానే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ బల్ల ఎక్కించటంలో దేశానికే పేరు మోసిన నేల మనది. ఆడదాని గర్భసంచి మీద అంత శ్రద్ధ ఉన్న వ్యవస్థకి ఆమె గుండె నుంచి చేతికెళ్ళే నాళం కనపడదు.

మందులు కనిపెట్టే చోట కూడా ఇదే కథ. ఈ జబ్బుకి సరైన పద్ధతిలో, గుడ్డిగా పంచి పోల్చి చూసిన ప్రయోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2018లో ఫలితాలు వచ్చిన జపాను టోసిలిజుమాబ్ ప్రయోగంలో ఉన్నది 36 మంది. మందు పనిచేస్తున్నట్టే కనిపించింది, కానీ గణాంకాల గీత దాటటానికి కొంచెం దూరంలో ఆగింది. జపాను ప్రభుత్వం 2017లోనే దాన్ని అనుమతించింది. పైన చెప్పిన 2021 మార్గదర్శకాల్లో దాదాపు ప్రతి సిఫారసూ "షరతులతో" అన్న గుర్తుతోనే ఉంది, ఎందుకంటే వెనక ఆధారం పలచన. అరుదైన జబ్బు కనుక అంతే అనొచ్చు. కొంతవరకు నిజం కూడా. కానీ అమెరికాలో 1977 నుంచి 1993 దాకా బిడ్డల్ని కనే వయసు స్త్రీలని తొలిదశ మందుల ప్రయోగాల నుంచి దూరంగా ఉంచాలన్న నియమం ఉండేది. పుట్టబోయే బిడ్డ కోసమట. బిడ్డల్ని కనే వయసులోనే వచ్చే జబ్బు ఉన్న స్త్రీల సంగతి?

అదే కాలంలో ఇక్కడ ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ని, అది ప్రయోగమని సరిగా చెప్పకుండా పేద స్త్రీల మీద పరీక్షించబోతే హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి నిలదీశారు. 1986లో ఆ సంస్థా, ఢిల్లీ సహేలీ తదితరులూ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పిల్లలు పుట్టకుండా చేసే మందుకి మన ఒళ్ళు అడక్కుండానే ప్రయోగశాల. మన జబ్బు తగ్గించే మందుకి మాత్రం మన ఒళ్ళు పనికిరాదు, హార్మోన్లు లెక్క చెడగొడతాయట! ఈ రెండూ వేర్వేరు తప్పులు కావు. రెండు చోట్లా ఆమెని అడగలేదు.

డబ్బు సంగతి. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల చాలామంది పేదలకి గుండె ఆపరేషన్లు అందాయి, దాన్ని కొట్టిపారెయ్యను. కానీ ఆ పథకం పునాది ఆపరేషను, ఆస్పత్రి మంచం. కొన్ని చికిత్సల తర్వాత ఏడాది పాటు మందులిచ్చే ఏర్పాటు ఉంది. ఇరవై ఏళ్ళు నడిచే జబ్బుకి ఏడాది ఎంత? స్టెంటుకి ప్యాకేజీ దొరుకుతుంది, స్టెంటు అవసరం రాకుండా చూసే రోజువారీ మాత్రకి దొరకదు. ప్రెడ్నిసొలోన్ కి పెద్ద ఖర్చు లేదు. ఖర్చంతా నగరానికి బస్సు చార్జీ, రెండు రోజుల కూలి, పరీక్షలు, తోడు వచ్చే మగమనిషి కూలి. ఇంజెక్షన్ల సంగతి ఎత్తకపోవటమే మంచిది, డోసుకి వేలకి వేలు.

బీడీ కార్మికులకి ప్రత్యేకంగా 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది, బీడీల మీద సెస్సుతో డిస్పెన్సరీలు నడిచాయి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సు తీసేశారు. ఆ డిస్పెన్సరీల్లో దగ్గు మందూ, నొప్పి మాత్రా దాటి నేను ఎక్కువ చూడలేదు. కానీ కార్డు చూపించి అడిగే హక్కు అంటూ ఒకటి ఉండేది. టేకేదారు పుస్తకంలో పేరే ఎక్కని అమ్మాయికి అదీ లేదు, ఆమె చుట్టిన బీడీలు తల్లి కార్డు మీద పోతాయి.

ఇంత చదివాక ఇది చదువులేని పల్లె సమస్య అని ఎవరైనా అనుకుంటే ఇంకొకామె సంగతి చెప్పాలి. విజయవాడలో బ్యాంకు ఉద్యోగి. జబ్బు పెళ్ళయిన ఎనిమిది నెలలకి బయటపడింది. మరో రెండు నెలలకి భర్త తరఫు నుంచి లాయరు నోటీసు: పెళ్ళికి ముందే జబ్బు ఉందనీ, దాచి మోసం చేశారనీ, హిందూ వివాహ చట్టం 12వ సెక్షను కింద పెళ్ళిని రద్దు చెయ్యాలనీ. అసలు ఆమెకే తెలియని జబ్బుని ఎలా దాస్తుంది? ఇలాంటి నోటీసు చూసి భయపడి సంతకాలు పెట్టేసేవాళ్ళు ఉన్నారు కనుక చెప్తున్నాను. ఆ చట్టంలో రక్తనాళాల జబ్బు విడాకులకి కారణం కాదు. మోసం అని నిరూపించవలసింది వాళ్ళే, మోసం బయటపడిన ఏడాది లోపు కోర్టుకి రావాలి, తెలిసిన తర్వాత కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ వాదన నిలవదు. ఇంట్లో హింసకి గురైతే 2005 గృహహింస చట్టం 20వ సెక్షను కింద వైద్యం ఖర్చులు ఇప్పించమని మేజిస్ట్రేటుని అడగొచ్చు. చేతిలో డబ్బు లేకుండా చేసి, అవసరమైనవాటికి ఇవ్వకపోవటం ఆర్థిక హింస అని ఆ చట్టమే చెప్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్ని గుర్తించింది, అందులో తలసీమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ ఉన్నాయి. రక్తానికి జబ్బొస్తే వైకల్యం, రక్తం పారే గొట్టానికొస్తే కాదు. చెయ్యి ఎత్తలేని మనిషి ఏ కాలమ్ లో రాసుకోవాలో ఏ ఆఫీసులోనూ చెప్పలేకపోయారు.

ఈ మధ్య మరో మార్కెట్టు తయారయింది. "స్టెరాయిడ్లు లేకుండా, సైడ్ ఎఫెక్టులు లేకుండా నాడి పట్టి నయం చేస్తాం" అని. నాడే లేనివాళ్ళకి నాడీ వైద్యం! నవ్వు రావాల్సిందే కానీ, తన మాట వినే మనిషి కోసమే చాలామంది అక్కడికి వెళ్తున్నారు. ఆయన అరగంట మాట్లాడతాడు. పెద్దాస్పత్రిలో నిమిషం. ఆ అరగంటకి ఆమె నాళాలతో చెల్లిస్తోంది.

మనం అడగవలసినవి పెద్ద పెద్ద పరిశోధనా కేంద్రాలతో మొదలవక్కర్లేదు. ఆరోగ్య ఉపకేంద్రంలో ఏఎన్ఎం చేత రెండు చేతులకీ బీపీ చూపించమని అడుగుదాం. తేడా పదికి మించితే, నాడి అందకపోతే, పై ఆస్పత్రికి పంపమని రాసి ఉన్న ఒక కాగితం గోడకి ఉండాలి. గర్భిణీలకి ప్రతి నెలా ఎలాగూ చూస్తున్నారు కదా, ఒకసారైనా రెండో చెయ్యి కూడా. మందుచీటీ తెలుగులో, అవసరమైతే ఉర్దూలో. వారానికొకసారి వేసే మాత్ర కవరు మీద ఏ రోజు వెయ్యాలో ఆ వారం పేరు. దీర్ఘకాలం వాడవలసిన మందులు జిల్లా ఆస్పత్రిలోనే ప్రతి నెలా ఉచితంగా, నగరం దాకా రానక్కర్లేకుండా. పథకంలో స్టెంటుకి పెట్టిన డబ్బులో కొంత మాత్రకి. పెళ్ళి, పిల్లలు, మందు మార్పు గురించి చెప్పేటప్పుడు మొదట రోగితో మాట్లాడటం. తర్వాత కావాలంటే అన్నతో.

ఆ అమ్మాయి ఇప్పుడు అజాథయోప్రిన్ మీద ఉంది. బీడీలు రోజుకి మూడు వందలు దాటటం లేదు. ఆ సంబంధం తప్పిపోయింది, ఇంకోటి చూస్తున్నారు. పోయిన నెల ఊళ్ళో క్యాంపు పెట్టారట, పట్టీ పట్టుకుని చేతికి కట్టబోతే "ఆడ గాదు" అని కాలు ముందుకి పెట్టిందట. వచ్చిన కుర్ర డాక్టరు విసుక్కున్నాడట. మంచిదే.